పిల్ల రేడియేటరు

జూన్ 9, 1970. సూర్యాపేట.

సైదులు వచ్చిపోయాడు. మొహం చూడగానే తెలిసిపోయింది, బండి మళ్లీ ఆగిందని. ఈసారి హుజూర్‌నగర్ దాటి కోదాడకు వచ్చే దారిలో, వాగు మీది కాజ్‌వే నడిమధ్యన. ఎండాకాలం కాబట్టి సరిపోయింది, పాదం తడిసేటన్ని నీళ్లే. ఇంజన్ అరుస్తూనే ఉందట, చక్రం మాత్రం కదలదు. అరగంట స్టీరింగ్ పట్టుకుని కూర్చున్నాడు. తర్వాత ఏమీ ఎరగనట్టు దానంతట అదే కదిలింది.

"బావా, గదే వానకాలమైతే?" అన్నాడు.

"వానకాలం దాకా ఎందుకు ఉంటదిరా, నేను సచ్చిన్నా?" అన్నాను.

అనేశాను. మంత్రసానితనం ఒప్పుకున్నాక ఏదొచ్చినా పట్టాలి.

జూన్ 10

పొద్దుట్నుంచి అదే ఆలోచన. ఇది మన లారీల లాంటిది కాదు. క్లచ్ లేని విదేశీ పికప్. సాగర్‌లో వేలం వేస్తే మిర్యాలగూడ రాజయ్య సేటు రైసుమిల్లు కోసం పాడుకున్నాడు. స్టీరింగ్ పక్కన చిన్న పిడి, దాన్ని జరిపితే చాలు, గేర్లు వాటికవే పడతాయి. లోపల పనంతా ఆయిల్‌దే. ఆ ఆయిల్ కాగిందా, ఖతం. పట్టు వదిలేస్తుంది.

పాడుకోమన్నది నేనే. డ్యామ్ దగ్గర మోటారు షెడ్డులో ఆరేళ్లు ఇట్లాంటివి విప్పి బిగించాను, ఈ చుట్టుపక్కల నాకు తప్ప ఎవడికి తెలుసు? డ్రైవరుగా నా బామ్మర్దిని పెట్టుకోమన్నదీ నేనే. లారీ మీద పన్నెండేళ్లు చేసినవాడు, తాగుడు లేదు, అబద్ధం లేదు. ఇద్దరు పిల్లలు. బండి చెడితే పేరు పోయేది నాది. నడివాగులో కూర్చునేది వాడు.

జూన్ 13

బండి నా షెడ్డుకు వచ్చింది. గేరుబాక్సు ఆయిల్ కొద్దిగా తీసి సోడా సీసాలో పట్టాను. మందారం రంగులో ఉండాల్సింది. కాఫీ డికాషన్‌లా ఉంది. వాసన... మాడిన చింతపండు.

ఈ ఆయిల్‌ను చల్లబరిచే గొట్టం రేడియేటరు అడుగున, లోపలే ఉంటుంది. తుప్పు పట్టి మూసుకుపోయింది. దాన్ని బాగుచేసే మొనగాడు హైదరాబాదులో కూడా లేడు.

సీసా కిటికీలో పెట్టాను. కంటికి కనపడుతూ ఉండాలి.

జూన్ 14

ఆలోచన తెగింది. లోపలి గొట్టం జోలికి పోను. దాంట్లోకి ఆయిల్ పోకుండా తెంపేసి, బయట ఇంకొక చిన్న రేడియేటరు పెడతాను, ఈ ఆయిల్ కోసమే. డ్యామ్ దగ్గర పెద్ద మట్టి యంత్రాలకు అట్లాగే ఉండేది.

సత్తెమ్మ అన్నం ముందు పెట్టి అంటుంది, "మా తమ్మున్ని ఆ లారీ మీదనే ఉంచకపోతివి." ఇంకా మొదలుపెట్టనే లేదు, అప్పుడే శకునం.

జూన్ 19

హైదరాబాదు పోయివచ్చాను. పాత సామాన్ల బజారులో మూడుగంటలు తిరిగితే దొరికింది. జానెడున్నర వెడల్పు, రాగి గొట్టం పాములా మెలికలు తిరిగి, నిండా పల్చని రేకులు. రేకుల్లో సగం వంగిపోయి ఉన్నాయి. ఇంట్లో దువ్వెన పెట్టి ఒక్కొక్కటే నిలబెట్టాను. సత్తెమ్మ దువ్వెన. పళ్లు విరిగాయి. ఇక రెండు రోజులు మాటలుండవు అనుకుంటా.

జూన్ 22

పని మొదలు. ముందు బండి మూతి మీది జాలీ విప్పాను. పెద్ద రేడియేటరుకు ముందు, గాలి మొదట తగిలే చోట, కొత్తది పెట్టాలి. ఇనుప పట్టీలు కోసి, బోల్టు బోల్టుకూ ట్యూబు రబ్బరు ముక్క వేశాను. లేకపోతే మన రోడ్ల కుదుపుకు నెల తిరక్కుండా రాగి చిట్లుతుంది.

సైదులు పక్కనే కూర్చుని చూస్తున్నాడు. "పెద్దదాని ఒళ్లె పిల్లను కూసోబెట్టినట్టున్నది బావా. పిల్ల రేడియేటర్!" అన్నాడు. షెడ్డంతా నవ్వారు. ఇక దాని పేరు అదే.

జూన్ 24

గొట్టాలు ఇంజన్ పొగ గొట్టానికి దూరంగా తిప్పాను. మొదటిసారి దగ్గరగా పోయింది, విప్పేసి మళ్లీ. సైదులు "గింత దూరం ఎందుకు?" అంటే విసుక్కున్నాను. పనిలో ఉన్నప్పుడు ప్రశ్న వేస్తే నాకు ఒళ్లు మండుతుంది. చిన్నప్పట్నుంచీ అంతే.

జూన్ 26

తిరిగి వచ్చే గొట్టం విప్పి డబ్బాలో పెట్టి ఇంజన్ నడిపాం. ఆయిల్ ధార కట్టింది, ఎర్రగా, కొత్త ఆయిల్. నా గుండె కుదుటపడింది. ఎవరికీ చెప్పలేదు గానీ రాత్రంతా భయమే, ఎక్కడ మూసుకుని ఉంటుందోనని.

బిగించేశాను. బియ్యం బస్తాలు ఎత్తి చివ్వెంల దాకా, మళ్లీ వెనక్కి, మళ్లీ. మిట్టమధ్యాహ్నం ఎండలో నాలుగుసార్లు. గేరుబాక్సు మీద పెట్టిన చెయ్యి కాలకుండా నిలిచింది! ఇదివరకు ఉమ్మేస్తే చుయ్యిమనేది.

సైదులు నా రెండు చేతులూ పట్టుకున్నాడు. "బావా, నువ్వు నా పానం కాపాడినవ్." వెధవ, కళ్లు తుడుచుకుంటున్నాడు.

జూన్ 27

బండి తీసుకుపోవడానికి మిల్లు గుమాస్తా వెంకటేశం వచ్చాడు. "ఏమన్న జాగ్రత్తలుంటే రాసియ్యి మేస్త్రీ, సేటు అడుగుతడు" అన్నాడు. చీటీ రాసిచ్చాను. తర్వాత వీళ్లు మాట మారుస్తారు, నా దగ్గర కూడా ఉండాలని అక్షరం పొల్లుపోకుండా ఇక్కడ:

"గేరుబాక్సు ఆయిలు పదిహేను దినములకొకసారి చూడవలెను. వేడెక్కి బండి లాగనిచో పిడిని న్యూట్రల్‌లో పెట్టి ఇంజను నడవనివ్వవలెను, ఎట్టి పరిస్థితిలోను బందు చేయరాదు. ఆయిలు తిరిగి తిరిగి తనంతట చల్లబడును. చిన్న రేడియేటరుకు మిల్లు ఊక పట్టకుండ గోనె కట్టవలెను."

మిల్లు ముంగిట ఊక ఎట్లా ఎగురుతుందో నాకు తెలుసు. మనిషి కనురెప్పల మీద కూడా పేరుకుంటుంది. ఆ పల్చని రేకుల సందుల్లో పడితే వారంలో గోడ కట్టినట్టే.

సైదులుకు చదువు రాదు. గుమాస్తా చేత మూడుసార్లు చదివించుకుని అప్పజెప్పాడు, బడిపిల్లాడిలా.

జూలై 2

బస్సు డ్రైవరు కబురు తెచ్చాడు. బండి గుర్రంలా పోతోందట. సేటు ఇంకో పది బస్తాలు ఎక్కువ ఎక్కిస్తున్నాడట, "ఇప్పుడు పిల్ల రేడియేటర్ ఉన్నది గద" అని.

ఆశకు అంతు ఉండదు. అయినా... బాగానే ఉంది వినడానికి.

జూలై 6

వాన. షెడ్డు కారుతోంది.

జూలై 11

కోదాడ నుంచి ఇద్దరు లారీ ఓనర్లు వచ్చి అడిగి పోయారు, మా ఇంజన్ ఆయిల్‌కు కూడా అట్లాంటిది పెడతావా మేస్త్రీ అని. ఒకాయన అయితే "మీరు ఇక్కడ ఉండాల్సినవారు కాదండీ" అన్నాడు. కోదాడవాళ్ల మాట తీపి. సత్తెమ్మకు చెబితే "నా దువ్వెన తెచ్చియ్యి ముందు" అంది.

జూలై 16

సైదులు ఆయిల్ పంపాడు, కండక్టరు చేత, సీసాలో. చీటీలో రాసినట్టే పదిహేను రోజులకు చూశాడు.

నల్లగా ఉంది.

కిటికీలో పాత సీసా పక్కన పెట్టాను. రెండింటికీ తేడా లేదు. ఇరవై రోజులే అయింది, కొత్త ఆయిల్.

జూలై 17

బస్తాలు ఎక్కువైనందుకే. సేటుకు కార్డు ముక్క రాశాను, లోడు తగ్గించమని. సైదులు పెడల్ బాగా తొక్కుతాడు కూడా. లారీ అలవాటు. పని తప్పు కాదు. పని తప్పయ్యే ముచ్చటే లేదు, చెయ్యి పెట్టి చూశాను కదా, చల్లగా ఉంది. పాడు ఆయిల్ కొని ఉంటారు.

అయినా ఆ వాసన వదలడం లేదు. అన్నం తింటుంటే కూడా.

జూలై 19, ఆదివారం

ఈ రోజు జరిగింది రాయాలి. మనసు బాగాలేదు.

పొద్దున్నే సైదులు బస్సులో వచ్చాడు, బండి లేకుండా. వాడి భార్యకు జ్వరమట, అక్కను నాలుగు రోజులు మిర్యాలగూడకు పంపమని. సత్తెమ్మ మూట కట్టుకుంటుంటే వాడు షెడ్డుకు వచ్చి నిలబడ్డాడు. నేను ఇంజన్ కింద పడుకుని ఉన్నాను, మీద ఆయిల్ కారుతోంది.

"బావా, బండి మల్ల వాసనొస్తున్నది. మొన్న మట్టపల్లి దిక్కు ఎత్తుల జర సేపు లాగలే."

"బస్తాలు తగ్గించుమను. పెడల్ మెల్లగ తొక్కు."

"తగ్గించిన్రు. మెల్లగనే తొక్కుతున్న." ఇంజన్ కిందికి వంగాడు. "ఇంజన్ వేడి ముల్లు మంచిగనే ఉంటున్నది, నీళ్లు కాగుతలేవు. మరి ఆ గోనె..."

"ఏందిరా గోనె? సెప్పింది సేసినవా లేదా?"

"సేసిన. గది కాదు బావా, ఆ గోనె..."

బయటికి జరిగి పానా విసిరేశాను. వాడి మీదకు కాదు, గోడకు. కానీ విసిరాను. "ఆరేండ్లు నేర్సుకున్న పని నాది! అచ్చరం ముక్క రానోనివి, నాకు వంకలు పెడ్తవా? రాసిచ్చింది రాసిచ్చినట్టు సెయ్యి. ఎదురు ప్రశ్న ఎయ్యకు!"

షెడ్డులో నలుగురు ఉన్నారు. వాడు తల వంచుకున్నాడు. పానా తీసి, తుడిచి, నా చేతికి ఇచ్చాడు.

"సరే బావా. నువ్వు సెప్పినట్టే."

అక్కా తమ్ముడూ పదకొండు గంటల బస్సుకు పోయారు. నేను బస్టాండుకు పోలేదు.

జూలై 20

ఏం అడగబోయాడో. కనీసం వినాల్సింది.

జూలై 21

గోనె చిరిగిందేమో. కొత్తది కావాలేమో. అంతే అయి ఉంటుంది.

జూలై 23

మూడు రోజులుగా ముసురు. పాలేరు నిండుగా పారుతోందట. నడిగూడెం నుంచి అత్తగారు కబురు: నాట్లకు మనుషులు దొరకడం లేదు, సత్తెమ్మ వీలైతే రావాలి. మిర్యాలగూడ నుంచి కోదాడ మీదుగా అటే పోతానని సత్తెమ్మ ఉత్తరం రాయించింది. "తమ్ముని బండిల కోదాడ దాక వస్త, సోమారం."

సోమవారం అంటే 27.

ఇల్లు బోసిగా ఉంది. దువ్వెన కొన్నాను.

జూలై 25

తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. అమ్మ నన్ను అనేది.

సైదులుకు ఉత్తరం రాద్దామని కూర్చున్నాను. ఏమని రాయాలి? వాడు చదవలేడు, గుమాస్తా చదివి వినిపించాలి. తిట్టింది నలుగురిలో. తప్పయిందని ఇంకొకడి నోటి మీదుగానా? వద్దు. వచ్చినప్పుడు ఎదురుగా చెబుతాను.

జూలై 27, సోమవారం. పొద్దున ఎనిమిదిన్నర.



గుమాస్తా వెంకటేశం ఏదో పని మీద సూర్యాపేట వచ్చి, దారిలోనే కదా అని షెడ్డులో తల పెట్టాడు. టీ తెప్పించాను. బండి ఎట్లుంది అంటే, "నీ మాట తప్పలేదు మేస్త్రీ. గోనెలు కుట్టేటాయనతోని దబ్బనం పెట్టి, డబల్ సుతిలితోని కుట్టించిన. పిల్ల రేడియేటర్‌కు దిండుకు గలేబు ఎక్కిచ్చినట్టు! ఊక గాదు, ఊపిరి సొరదు. నెల దినాలైంది, ఒక్క కుట్టు ఊడలే" అన్నాడు.

"నడిచేటప్పుడు విప్పుతున్నరా?" అన్నాను.

"విప్పుడేంది? నువ్వు రాయలే గద?"

జూన్ 27 పేజీ తిప్పి చూశాను. మళ్లీ చూశాను. "గోనె కట్టవలెను." అంతే ఉంది. మిల్లులో బండి నిలిపినప్పుడు కట్టాలి, కదిలేముందు విప్పాలి. ఇది కూడా చెప్పాలా అనుకుని ఉంటాను. అనుకోలేదు, అసలు తోచనే లేదు. బస్తా నోరు కుట్టడమే బతుకైన మిల్లు అది. గోనె కట్టమంటే వాళ్లు కుట్టరా?

నెల రోజులుగా ఆ గోనె ఆయిల్ జిడ్డు, ఊక, దుమ్ము పీల్చి పిడకలా గట్టిపడి ఉంటుంది. పెద్ద రేడియేటరుకు పక్కల నుంచి గాలి వస్తుంది, ఇంజన్ ముల్లు బాగానే చూపిస్తుంది. కాగిపోయేది గేరుబాక్సు ఒక్కటే. బయటికి కనపడకుండా.

వాడు అదే అడగబోయాడు. "ఆ గోనె..." రెండుసార్లు.

తొమ్మిదిన్నర. పోస్టాఫీసు.

మిల్లుకు ట్రంకాల్ పెట్టాను. నలభై నిమిషాలకు కలిపారు. అవతల ఎవరో హమాలీ. "సైదులా? ఏడింటికే ఎల్లిండు. కోదాడకు లోడు. అక్క గూడ ఎక్కింది."

వాగు ఎట్లుందని అడిగితే లైన్ తెగిపోయింది.

పన్నెండు. కోదాడ బస్టాండు.

బస్సు దిగాను. హుజూర్‌నగర్ దిక్కుకు బస్సులు బందు. పికప్ సంగతి అడిగితే హోటలాయన అంటాడు, "వాగు పొంగిందండీ, పొద్దున మోకాల్లోతు ఉండేది, ఇప్పుడు చెప్పలేం. అయినా పికప్ పెద్దదేగా, వచ్చేస్తది లెండి."

వచ్చేస్తుంది. వచ్చేస్తుంది. దేవుడా, వచ్చేస్తే వాడి కాళ్లు పట్టుకుంటాను.

ఒంటిగంటన్నర

సత్తెమ్మ వచ్చింది. ఒక్కతే. ఎడ్లబండి మీద, ఇంకో ఐదుగురితో. నడుం దాకా తడిసి, చేతిలో మూట లేదు.

నడిమధ్యన ఆగిందట. అదే చోట. నీళ్లు మోకాలి కింద ఉన్నాయి అప్పుడు. తర్వాత నీళ్లు ఎక్కుతుంటే, వెనకాల నడిచి వస్తున్నవాళ్లు చేతులు పట్టుకుని గొలుసులా దాటిస్తుంటే అక్కను వాళ్లకు అప్పజెప్పాడు. "నువ్వు నడువక్కా, నేను బండితోని వస్త."

"దిగమని మొత్తుకున్న," అంది సత్తెమ్మ. పళ్లు కొట్టుకుంటున్నాయి. "దిగకపాయె. న్యూట్రల్ల పెట్టి ఇంజన్ నడువనియ్యాలె, బంద్ సెయ్యొద్దని బావ రాసిచ్చిండు, సల్లవడ్డంక అదే కదులుతది, మొన్నెండాకాలం గూడ కదిలింది అన్నడు. ఈసారి బండి ఇడిసిపెడితే బావ ఇజ్జత్ పోతదన్నడు."

చల్లబడదు. ఆ గోనె ఉన్నంతసేపు ఎంత తిరిగినా చల్లబడదు.

"గోనె..." అన్నాను. "ముందల గోనె కోసేసిండా?"

నా మొహంలోకి చూసింది. "నేనే అన్న. పొగలు వస్తున్నయి, గా గోనె గుంజి పారెయ్యిరా అని. తియ్యనన్నడు."

రెండున్నర

ట్రాక్టరు దొరికింది. అనంతగిరి ఆసామిది, గొలుసు కూడా ఉంది. హోటలాయన పరిగెత్తి పిలుచుకొచ్చాడు. ట్రాలీలో కూర్చుని రాస్తున్నాను, అక్షరాలు ఎగురుతున్నాయి. రాయకుండా ఉంటే అరుస్తాను.

కత్తి తెచ్చాను. సుతిలి కొయ్యడానికి. ఎందుకు తెచ్చానో...

సత్తెమ్మ వద్దంటే వినకుండా ఎక్కింది. ఎదురుగా కూర్చుంది. మెల్లగా అడిగింది, "మొన్న అయితారం మనింటికి వచ్చిననాడు గోనె ముచ్చట నిన్ను అడిగిన్నని సెప్పిండు. నువ్వేమన్నవ్?"

వాడు తిట్లు చెప్పలేదన్నమాట. అక్కకు కూడా.

నేను రాస్తున్నట్టు తల వంచుకున్నాను. ఇంకా చూస్తోంది.

ఇక్కడ వాన ఆగింది. పైన ఆగలేదంటున్నారు. సైకిల్ మీద ఒకడు వాగు దిక్కు నుంచి ఎదురొచ్చాడు, ట్రాక్టరాయన ఆపి అడిగాడు. బండి ఉందా, కొట్టుకుపోయిందా అని.

"ఉన్నది," అన్నాడు. "నీళ్లు తలుపు సగం దాక వచ్చినయి. ఇంజన్ ఇంకా నడుస్తనే ఉన్నది."